నగర వీధులలో లైట్ రైలు: గేటు నేర్పు పాఠము

రైలు గేటు నెరుగని గ్రామస్థులు మన ప్రాంతమున అరుదు. గేటు పడును. గేటుమాన్ జెండా పట్టుకొని నిలుచును. ట్రాక్టర్లు, ఆటోలు, మోటారుసైకిళ్లు వరుసగా ఆగును. ఇంతలో ఒకడు సైకిలును వంచి, గేటు క్రిందనుండి దూరి అవతలకు పోవును. వానిని చూచి మరియొకడు పోవును. బండి ఇంకను కంటికి కనబడలేదు గదా అని వారి ధైర్యము. ప్రతిదినము జరుగు పని కనుక దీనిని ఎవరును పెద్ద తప్పుగా ఎంచరు.

గేటే లేని చోట ఏమి జరుగునో 2014 జూలై 24వ తేదీన మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద మనము చూచితిమి. ఉదయమున పిల్లలను బడికి తీసికొనిపోవుచున్న బస్సు, కాపలా లేని క్రాసింగును దాటుచుండగా రైలు వచ్చి ఢీకొన్నది. పదిమందికి పైగా పసిపిల్లలు ప్రాణములు కోల్పోయిరి. బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని క్రాసింగులన్నింటిని 2019 జనవరి చివరికి రైల్వేశాఖ తొలగించినది. కొన్నింటికి కాపలా నియమించినది, కొన్నింటిని మూసివేసినది, కొన్ని చోట్ల వంతెనలు కట్టినది. అయినను పట్టాలకు ఇవతల ఊరు, అవతల పొలములు ఉన్నంతకాలము మనుషులు పట్టాలను దాటుచునే యుందురు.

ఈ సమస్య గ్రామములకు మాత్రమే పరిమితమైనది కాదు. వీధి మట్టముననే నడచు రైలును వేసికొన్న మహానగరములకును ఇదే చిక్కు ఎదురైనది. ప్రమాదములను తగ్గించుటకును, స్టేషనులలోనికి ఎవరిని, ఏ విధముగా రానీయవలెనో నిర్ణయించుటకును ఆ నగరములు అనేక సంవత్సరములు శ్రమించినవి. వాటి అనుభవము పంచాయతీ సభ్యులకు ఉపయోగపడునని తలచి ఇక్కడ వివరించుచున్నాము.

లైట్ రైలు అనగా నేమి?

నగరములలో నడచు రైళ్లు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి మెట్రో. అది సొరంగములలోనో, ఎత్తైన స్తంభములపైననో, ఇతరులెవ్వరును ప్రవేశింపరాని తన సొంత మార్గమున పోవును. రెండవది లైట్ రైలు. ఇది అవసరమును బట్టి కొంతదూరము వీధి మధ్యగా, కొంతదూరము ప్రత్యేక కట్టపై, కొంతదూరము వంతెనపై లేక సొరంగమున పోగలదు. పైన సాగదీసిన తీగనుండి విద్యుచ్ఛక్తి తీసికొని, రెండు మూడు పెట్టెలతో నడచును.

"లైట్" అను పేరును బట్టి ఈ బండి తేలికైనదని భావింపరాదు. ఒక్కొక్క పెట్టె 40 టన్నుల వరకు తూగును. పెద్ద రైలుకు కావలసినంత భారీ నిర్మాణములు దీనికి అవసరము లేదని మాత్రమే ఆ మాటకు అర్థము.

దీనికి పూర్వరూపము ట్రాము బండి. మద్రాసు నగరమున విద్యుత్తు ట్రాములు 1895లో ప్రారంభమై 1953 వరకు నడచినవి. ఆ నగరము ఉమ్మడి రాజధానిగా ఉన్న దినములలో చదువులకు, కచేరీ పనులకు పోయిన తెలుగువారెందరో వాటిలో ప్రయాణము చేసినవారే. కలకత్తాలో విద్యుత్తు ట్రాములు 1902లో వచ్చినవి. తరువాత మోటారు వాహనములు పెరిగి, ప్రపంచమున పలు నగరములలో ట్రాములు తొలగింపబడినవి. కొంతకాలమునకు వాహనముల రద్దీ, పొగ సహింపరానివైనందున, ట్రామునే మరింత వేగముగా, పెద్దదిగా తీర్చి మరల ప్రవేశపెట్టిరి. కెనడాలోని ఎడ్మంటన్ నగరమున 1978లోను, కాల్గరీలోను అమెరికాలోని శాన్‌డియెగోలోను 1981లోను, ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో 1984లోను లైట్ రైలు ప్రారంభమైనది.

నేల మట్టమున వేసిన మార్గమునకు ఖర్చు తక్కువ. ప్రయాణీకులు మెట్లు ఎక్కి దిగనవసరము లేదు. ఇవి దాని గుణములు. వీధిలో నడచువాడు, కారు నడుపువాడు, ఆడుకొను పిల్లవాడు అందరును అదే మట్టమున ఉందురు. అదే దాని దోషము.

లాస్ ఏంజిలిస్ అనుభవము

ఈ విషయమున అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరము చాలినంత మూల్యము చెల్లించి పాఠము నేర్చినది. అక్కడ పూర్వము "ఎర్రబండ్లు" అని ప్రసిద్ధి పొందిన విద్యుత్తు రైళ్లు ఉండెడివి. వాటిలో చివరిదైన లాంగ్‌బీచ్ మార్గము 1961 ఏప్రిలులో మూతపడినది. సుమారు 29 సంవత్సరముల అనంతరము, 1990 జూలై 14వ తేదీన, ఎక్కువ భాగము ఆ పాత మార్గము పైననే, సుమారు 35 కిలోమీటర్ల పొడవున కొత్త లైట్ రైలు ప్రారంభమైనది. దానికి "బ్లూ లైను" అని పేరు పెట్టిరి.

ఈ మార్గము నగర కేంద్రమునను, లాంగ్‌బీచ్ లోను వీధుల మధ్యగా పోవును. నడుమ వాట్స్, కాంప్టన్ మొదలగు శ్రామికులు నివసించు పేటల గుండా ప్రత్యేక కట్టపై గంటకు 88 కిలోమీటర్ల వేగము వరకు సాగును. అక్కడ పలు వీధులు పట్టాలను నేలమట్టముననే దాటుచున్నవి. ప్రక్కనే సరకు రైళ్ల పట్టాలు కూడ ఉన్నవి. సరకు రైలు మెల్లగా, పెద్ద చప్పుడుతో వచ్చును. దానికి అలవాటు పడిన కన్ను, చెవి, వేగముగా నిశ్శబ్దముగా వచ్చు విద్యుత్తు బండిని అంచనా వేయలేకపోయినవి.

గంటకు 88 కిలోమీటర్లనగా సెకండునకు 24 మీటర్లకు పైగా. మూడు పెట్టెల బండి ఆ వేగమున పోవుచు మామూలుగా బ్రేకు వేసినచో, ఆగుటకు 200 మీటర్లకు మించిన దూరము కావలెను. డ్రైవరు ఎంత నేర్పరి యైనను ప్రక్కకు తప్పుకొనుటకు వీలులేదు. కనుక చూచి ఆగవలసినది బండి కాదు, మనిషే.

ప్రమాదములు వెంట వెంట జరిగినవి. కొందరు మూసిన గేటును చుట్టివచ్చి బండికి అడ్డుపడిరి. కొందరు వీధిలో, తమ వెనుకనుండి సమానముగా బండి వచ్చుచున్నదని గమనింపక ఎడమప్రక్కకు కారు త్రిప్పిరి. కాలినడకన దాటుచు మరణించినవారును అనేకులు. పావు శతాబ్దము గడచునప్పటికి ఆ ఒక్క మార్గముననే నూరుమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. వీరందరును అజాగ్రత్తపరులని నిందించి ఊరకుండుట సులభము. అట్లు ఊరకుండక, ఒక్కొక్క చోట మనిషి ఏల తప్పు చేయుచున్నాడో అధికారులు పరిశీలింపసాగిరి. అప్పటినుండియే మార్పు మొదలైనది.

నాలుగు చేతుల గేటు

అమెరికాలో వాహనములు వీధికి కుడిప్రక్కను పోవును. సాధారణమైన రైలు గేటు, వచ్చెడి వాహనములకు అడ్డముగా, కుడిప్రక్క సగమును మాత్రమే మూయును. ఎడమ సగము తెరచియుండును. తొందరపాటు గల డ్రైవరు పామువలె మెలి తిరిగి ఆ ఖాళీగుండా దూరిపోవును. మన ఊరిలో సైకిలు వంచి దూరు వానికిని వీనికిని భేదము లేదు.

అందుచేత వీధికి ఇరువైపుల రెండేసి చొప్పున మొత్తము నాలుగు చేతులు గల గేటును 124వ వీధి క్రాసింగు వద్ద 1990 దశాబ్దపు చివర అమర్చి చూచిరి. గేటు చుట్టి దూరువారి సంఖ్య చాల తగ్గినది. అయితే ఇక్కడ ఒక సందేహము కలుగును. నాలుగు వైపుల మూసినచో, అప్పటికే పట్టాలపైకి వచ్చిన కారు మధ్యలో చిక్కుకొనదా? దీనికొక ఉపాయము చేసిరి. లోపలికి వచ్చు వైపు చేతులు ముందు దిగును. బయటకు పోవు వైపు చేతులు కొన్ని సెకండ్లు ఆగి దిగును. అంతటితో ఆగక, గేటు చేతిని కారుతో త్రోసినచో విరిగిపోవునట్లే చేయుదురు. చిక్కుకొన్నవాడు గేటు పాడగునని జంకక దానిని విరుగగొట్టుకొని బయటపడవలెనని డ్రైవర్లకు బోధింతురు. గేటు విరిగినచో మరల అమర్చవచ్చును.

కాంప్టన్ ప్రాంతమున కొన్ని క్రాసింగుల వద్ద, గేటు దాటిన వాహనమును ఫోటో తీసి జరిమానా విధించు కెమెరాలను కూడ పెట్టిరి. శిక్ష తప్పదని తెలిసిన పిమ్మట ఉల్లంఘనలు తగ్గినవి.

పాదచారి తలుపు

కాలినడకన పోవువారి సంగతి వేరు. వారికి గేటు చేయి అడ్డముకాదు. తల వంచి పోగలరు. అందుచేత స్టేషనుల వద్దను, కాలిబాటలు పట్టాలను దాటు చోట్లను చిన్న తలుపులను అమర్చిరి. ఈ తలుపు నిర్మాణము మిక్కిలి సామాన్యము, అందలి ఆలోచన మాత్రము గొప్పది. పట్టాలవైపు పోదలచినవాడు తలుపును తనవైపునకు లాగవలెను. అందుకు ఒక్క క్షణము ఆగక తప్పదు. ఆగినవాడు అటు ఇటు చూచును. పట్టాలనుండి బయటపడువాడు మాత్రము త్రోసిన చాలును, తలుపు తెరచుకొనును. ప్రమాద స్థలములోనికి ప్రవేశము ఆలోచనతో జరుగవలెను. అచ్చటినుండి నిష్క్రమణము అతి సులభముగా ఉండవలెను. రక్షణ శాస్త్రమంతయు ఈ ఒక్క తలుపులో ఇమిడియున్నదన్నను అతిశయోక్తి కాదు.

రెండు పట్టాలున్న చోట మరియొక గండము కలదు. ఒక బండి వెళ్లిపోగానే దారి ఖాళీ అయినదని మనిషి అడుగు వేయును. వెళ్లిన బండి చాటునుండి ఎదురు దిక్కున రెండవ బండి వచ్చును. మొదటి బండి చప్పుడులో దాని చప్పుడు వినబడదు. వెర్నన్ అవెన్యూ అను చోట ఇట్టి అపాయమును గుర్తించి, రెండవ బండి వచ్చుచున్నదని తెలుపు వెలుగు ఫలకమును ఏర్పాటు చేసిరి. ఫలకమున్నను లేకున్నను, జంట పట్టాలున్న ప్రతి ఊరిలోను పిల్లలకు నేర్పవలసిన మొదటి మాట ఇదే: ఒక బండి పోయినంత మాత్రమున దారి ఖాళీ కాదు.

ఇదిగాక, 1995లో అదే నగరమున ప్రారంభమైన గ్రీన్ లైను పూర్తిగా ఇతర రహదారులకు దూరముగా, పెద్ద మోటారు మార్గము నడుమను, వంతెనలపైనను వేయబడినది. దానికి వీధి క్రాసింగులే లేవు. ఖర్చు ఎక్కువ, ప్రమాదము తక్కువ. బ్లూ లైనును 2019లో భాగములుగా మూసి మరమ్మతులు జరిపి, "ఏ లైను" అను పేరుతో తిరిగి తెరచిరి. 2023లో దానిని మరియొక మార్గముతో కలిపిరి. 2025లో పొమోనా వరకు పొడిగించిన పిమ్మట దాని పొడవు సుమారు 92 కిలోమీటర్లైనది.

స్టేషను ద్వారము

ఇంతవరకు పట్టాలపై ప్రవేశమును గూర్చి చెప్పితిమి. ఇక స్టేషనులోనికి ప్రవేశము. బ్లూ లైను ప్రారంభించునాడు స్టేషనులకు ద్వారములే పెట్టలేదు. ప్రయాణీకుడు టిక్కెట్టు కొని బండి ఎక్కవలెను. తనిఖీదారు అడిగినప్పుడు చూపవలెను. లేనిచో జరిమానా. ఇది నమ్మకముపై నడచు పద్ధతి. శాన్‌డియెగో మొదలగు అనేక నగరములలో ఈ పద్ధతియే కలదు. ద్వారములకు, వాటి మరమ్మతులకు ఖర్చు లేకపోవుట దీని లాభము. వీధి నడుమనున్న సన్నని ప్లాటుఫారముపై ద్వారములు పెట్టుటకు చోటు దొరకకపోవుట మరియొక కారణము.

కాలక్రమమున టిక్కెట్టు లేని ప్రయాణములు ఎక్కువైనవని విమర్శలు వచ్చినవి. 2008లో ద్వారములు పెట్టుటకు ఆ నగర రవాణా సంస్థ బోర్డు తీర్మానించినది. 2013లో భూగర్భ స్టేషనుల ద్వారములకు గడియలు పడినవి. చోటు గల లైట్ రైలు స్టేషనులలో కూడ కొన్నింటికి ద్వారములు వచ్చినవి. కాని అవి నడుము ఎత్తువే. యువకులు దుమికి పోవుచుండిరి. అత్యవసరము కొరకు ఉంచిన ప్రక్క తలుపును ఒకరు తెరచి పట్టుకొనినచో పదిమంది దూరుచుండిరి. అంతట ఏ లైనుపై ఫైర్‌స్టోన్ స్టేషనులో మొదటగా ఎత్తైన అద్దపు తలుపులు గల ద్వారములను పెట్టిరి.

ద్వారము విషయమున మరువరాని వారు కొందరు కలరు. చక్రముల కుర్చీలో వచ్చు వికలాంగుడు, చంటిబిడ్డ తల్లి, బరువైన మూట మోయువాడు. వీరికొరకు ప్రతి స్టేషనులో వెడల్పైన ద్వారము ఒకటి ఉండక తప్పదు. దుమికి పోగలవానిని ఆపుటకు పెట్టిన అడ్డు, నడువలేని వానిని మాత్రమే ఆపినచో అది న్యాయము కాదు.

బయటపడు దారి

2024 మే నెలలో అదే సంస్థ నార్త్ హాలీవుడ్ అను భూగర్భ స్టేషనులో మరియొక పద్ధతి ప్రవేశపెట్టినది. ప్రయాణీకుడు బయటకు పోవునపుడు కూడ కార్డును చూపవలెను. చూపిననే తలుపు తెరచుకొనును. ప్రయాణము చేయక బండ్లలో కాలము గడపువారు దీనివలన తగ్గుదురని ఉద్దేశము. తరువాత సాంటా మోనికాలోని లైట్ రైలు స్టేషనులోను దీనిని ప్రయత్నించిరి. అయితే ప్రమాద సమయమున జనము త్వరగా బయటపడుటకు ఇది అడ్డమగునని అగ్నిమాపక శాఖవారు అభ్యంతరము తెలుపగా, 2025లో నార్త్ హాలీవుడ్ వద్ద ఆ పద్ధతిని నిలిపివేసిరి.

అగ్నిమాపక శాఖవారి మాట చాదస్తము కాదు. దక్షిణ కొరియాలోని దేగు నగరమున 2003 ఫిబ్రవరి 18వ తేదీన భూగర్భ రైలులో ఒకడు నిప్పు పెట్టగా 192 మంది మరణించిరి. నిప్పంటుకొన్న బండిలో కంటె, ఎదురుగా వచ్చి ఆగిన రెండవ బండిలో తలుపులు మూసుకొని చిక్కుకొనినవారే ఎక్కువమంది. అమెరికాలో అనుసరించు అగ్నిరక్షణ ప్రమాణము ప్రకారము ప్లాటుఫారమును 4 నిమిషములలో ఖాళీ చేయుటకును, 6 నిమిషములలో జనమంతయు క్షేమమైన చోటికి చేరుటకును వీలుగా స్టేషనును నిర్మింపవలెను. లెక్కింపవలసినది లోపలికి ఎందరు వచ్చుచున్నారని మాత్రమే కాదు, నాలుగు నిమిషములలో ఎందరు బయటపడగలరని కూడ.

పాదచారి తలుపు వద్ద చెప్పిన సూత్రమే ఇక్కడను వర్తించును.

యంత్రమునకు తోడు మనిషి

మనీలా నగరమున లైట్ రైలు మొదటినుండియు ఎత్తైన వంతెనపై నడచును. స్టేషనులకు ద్వారములు కలవు. 2000 డిసెంబరు 30వ తేదీన, ఒక జాతీయ దినమున, నగరమున అయిదు చోట్ల బాంబులు ప్రేలినవి. వాటిలో ఒకటి లైట్ రైలు పెట్టెలో ప్రేలినది. మొత్తము ఇరువదిమందికి పైగా మరణించిరి. టిక్కెట్టు చూచు ద్వారము సంచిలోని వస్తువును చూడలేదు గదా! నాటినుండి స్టేషను ప్రవేశమున సంచులను తనిఖీ చేయుట అక్కడ నిత్యకృత్యమైనది.

లాస్ ఏంజిలిస్‌లో 2022లో మరియొక ప్రయత్నము జరిగినది. ఆయుధములు లేని సహాయకులను కొన్ని వందల మందిని నియమించి బండ్లలోను స్టేషనులలోను తిరుగునట్లు చేసిరి. వారు దారి చూపుదురు. అపాయము కనిపించినచో తెలియజేయుదురు. మత్తుమందు ఎక్కువై పడిపోయినవారికి విరుగుడు మందు ఇచ్చి ప్రాణము నిలుపుదురు. ఈ ఏర్పాటు ప్రజలకు నచ్చినందున మరుసటి సంవత్సరము దీనిని శాశ్వతము చేసిరి. 2024 జూనులో సొంత పోలీసు విభాగమును నెలకొల్పుకొనుటకు కూడ బోర్డు తీర్మానించినది. పోలీసు, సహాయకుడు, కెమెరా, ద్వారము, ఇవి ఒకదానికి మరియొకటి బదులు కావు. ఒకటి చూడలేనిది మరియొకటి చూచును.

మన హైదరాబాదు మెట్రో

హైదరాబాదు మెట్రో లైట్ రైలు కాదు. 2017 నవంబరు 28న ప్రారంభమై, 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గములుగా సుమారు 69 కిలోమీటర్లకు విస్తరించినది. అంతయు స్తంభములపైననే నడచుటచేత వీధులతో క్రాసింగుల చిక్కు దీనికి లేదు. అయితే ద్వారమును గూర్చిన విషయములన్నియు దీనికి వర్తించును. జిల్లాలనుండి బస్సులో మహాత్మాగాంధీ బస్ స్టేషనుకో, జూబ్లీ బస్ స్టేషనుకో చేరిన గ్రామస్థుడు అక్కడినుండి మెట్రో ఎక్కుట నేడు సామాన్యము. మొదటిసారి పోవువానికి ఈ నాలుగు మాటలు తెలిసియుండుట మేలు.

స్టేషనులో ముందు సంచిని తనిఖీ యంత్రమున పెట్టి, మనిషి కూడ తనిఖీకి నిలువవలెను. దీనిని అవమానముగా భావింపరాదు. టిక్కెట్టు లేక కార్డు చూపిననే ద్వారము తెరచుకొనును. ఒక్కరికి ఒక్కసారియే తెరచుకొనును కనుక బిడ్డల చేయి పట్టి జాగ్రత్తగా దాటించవలెను. దిగిన తరువాత బయటకు పోవుటకు కూడ టిక్కెట్టు అవసరము. కనుక మధ్యలో పారవేయరాదు. ప్లాటుఫారముపై పసుపు గీత దాటి నిలువరాదు. పట్టాలపై వస్తువు పడినచో దిగి తీసికొన ప్రయత్నింపక సిబ్బందికి చెప్పవలెను. పైతీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించును.

పంచాయతీ సభ్యులు గమనింపవలసినవి

ఈ అనుభవములనుండి గ్రామమునకు పనికివచ్చు సూచనలు కొన్ని కలవు.

మొదటిది. మీ ఊరివారు పట్టాలను ఎక్కడ దాటుచున్నారో తిరిగి చూడుడు. గేటు ఉన్న చోట కాదు, నడకవలన కాలిదారి పడిన చోట చూడుడు. ఉదయము బడిపిల్లలా, కూలీలా, పశువుల కాపరులా, ఎవరు, ఏ వేళ, ఎందుకు దాటుచున్నారో వ్రాసికొనుడు. కాలిదారి పడినదనగా అక్కడ ప్రజలకు అవసరమున్నదని అర్థము. అవసరమును గుర్తింపక ముళ్లకంచె మాత్రము వేసినచో నాలుగు దినములలో కంచెకు కంత పడును. పట్టాలపై అక్రమముగా నడచుట 1989 నాటి రైల్వే చట్టము 147వ సెక్షను క్రింద శిక్షార్హమని చెప్పుట అవసరమే. దానితోబాటు సరియైన దారి ఎక్కడ ఉన్నదో చూపుట అంతకంటె అవసరము.

రెండవది. గేటు మూసి దానికి బదులుగా పట్టాల క్రిందుగా దారి కట్టిన ఊళ్లలో వానకాలమున ఆ దారిలో నీరు నిలుచును. నీరు నిలిచిననాడు జనము మరల పట్టాలెక్కుదురు. కాలువ పూడికను వానలకు ముందే తీయించుట, దీపము వేయించుట పంచాయతీ చేయగల పనులు. చేయలేనివానిని గూర్చి గ్రామసభలో తీర్మానము చేసి, స్థలము, కొలతలు, దాటువారి సంఖ్య వివరించి రైల్వే డివిజను అధికారులకును, జిల్లా కలెక్టరునకును పంపుడు. లెక్కలతో కూడిన అర్జీకి బలమెక్కువ.

మూడవది. గేటునకు ఇరువైపుల దృష్టికి అడ్డమగు తుమ్మచెట్లు, దుకాణముల పందిళ్లు, గడ్డివాములు లేకుండ చూడుడు. పంచాయతీ రోడ్డుపై గేటునకు కొంతదూరములో వేగనిరోధకమును, హెచ్చరిక ఫలకమును పెట్టించుడు.

నాలుగవది. బడి ఉపాధ్యాయులను, బడి బస్సుల డ్రైవర్లను, ఆటో నడుపువారిని సంవత్సరమునకొకసారి యైనను పిలిచి మాట్లాడుడు. మాసాయిపేటను గుర్తుచేయుడు. గేటు వద్ద ఆగు అయిదు నిమిషముల వలన ఏ పనియు చెడిపోదు.

అయిదవది రైలుకు సంబంధించినది కాదు, ద్వారమునకు సంబంధించినది. మీ ఊరి బడికి, సామాజిక భవనమునకు, జాతర నాడు కట్టు వెదురు అడ్డులకు బయటపడు దారి ఎన్ని ఉన్నవి? తలుపులు బయటకు తెరచుకొనునా? జనమున్న వేళ వెనుక తలుపునకు తాళము పడుచున్నదా? తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నది? ఈ ప్రశ్నలు సభలో అడిగి, సమాధానములు కార్యవర్గ పుస్తకమున వ్రాయించుడు.

లాస్ ఏంజిలిస్ వంటి సంపన్న నగరము కూడ ఒక్క దినమున ఈ పాఠము నేర్చుకొనలేదు. మనిషి మరణించిన పిమ్మట ఒక్కొక్క గేటును, ఒక్కొక్క తలుపును సరిచేసికొనుచు వచ్చినది. ఆ మూల్యము మరల మనము చెల్లింపవలసిన పని లేదు. వచ్చే గ్రామసభకు ముందు, సభ్యులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఉదయము బడివేళకు పట్టాల వద్దకు పోయి ఒక గంటసేపు నిలిచి చూచినచో చాలును. ఏమి చేయవలెనో అక్కడనే తెలియును.